గేదె పాల దిగుబడికి దున్నపోతు జాతి కూడా ముఖ్యమేనా?

ముఖ్యమే, పుట్టే పడ్డకు, అంటే ఆడ దూడకు, జన్యువుల్లో సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తాయి. దున్నపోతు పాలివ్వకపోయినా, పాల దిగుబడిని నిర్ణయించే జన్యువులు దానిలోనూ ఉంటాయి, కూతుళ్లకు చేరతాయి. పాలకు ఒక్క జన్యువంటూ లేదు, చాలా జన్యువులు కలిసి పనిచేస్తాయి. అందుకే ఒకే గేదెకు, ఒకే దున్నకు పుట్టిన రెండు పడ్డలు కూడా సమానంగా పాలివ్వాలని లేదు.

కోనసీమలో పూటకు రెండు లీటర్లిచ్చే నాటు గేదెకు ఎదకొచ్చినప్పుడు ఎక్కువ పాలిచ్చే ముర్రా జాతి దున్న సెమెన్ (వీర్యం) వేయిస్తే, పుట్టిన పడ్డ ఈనాక సాధారణంగా తల్లిని మించుతుంది. కాకపోతే ఎండు వరిగడ్డి ఒక్కటే వేస్తే ఎంత మంచి జాతైనా పాలు దిగవు. పిల్లిపెసర లాంటి పచ్చిమేత, తవుడు, దాణా తప్పనిసరిగా పడాలి.

ముర్రా సూది, అంటే ఆ సెమెన్, వేయిస్తే ఆ గేదెకే పాలు పెరుగుతాయని చాలామంది పొరబడతారు. పెరగవు. ఆ ఫలితం దాని పడ్డ పెరిగి ఈనాకే, అంటే సుమారు నాలుగైదేళ్లకు కనిపిస్తుంది.