ఓబ్రయన్ ఇంటిపేరులో ఆ ‘ఓ’ ఎక్కడిది?

‘మా అల్లుడు అమెరికాలో పుట్టిన ఐరిష్ కుటుంబం వాడు. ఇంటిపేరు ఓబ్రయన్. ముత్తాత కాగితాల్లో ఉత్త బ్రయన్ అనే ఉంది. రెండూ ఒకటేనా?’ అని అడిగారు.

ఒకటే కావచ్చు. ‘ఓ’ లేదు కదా అని వేరే వంశం అనుకోకండి. ఐరిష్‌లో అదొక విడి మాట. పాత రూపం ‘ఉవా’, అంటే మనవడు. ‘మాక్’ అంటే కొడుకు.

ఆ మనవడు ఫలానా అని వేలెత్తి చూపించగలగడమే ఈ పేరులో సొగసు. 1014 ఏప్రిల్ 23, గుడ్ ఫ్రైడే. డబ్లిన్ పక్కన క్లాంటార్ఫ్‌లో ఐర్లాండ్ అధిరాజు బ్రియన్ బోరూ సైన్యం గెలిచింది, ముసలిరాజు మాత్రం హతమయ్యాడు. కొడుకు మురహద్, అతని కొడుకు కూడా ఆ రోజే పోయారు. వంశం నిలిచింది తైగ్ అనే ఇంకో కొడుకు వైపు నుంచి. తైగ్ కొడుకు టర్లో (మరణం 1086) ‘ఉవా బ్రియన్’. అక్షరాలా మనవడే, పేచీ లేదు. టర్లో కొడుకు మూర్తా బ్రియన్‌కు మునిమనవడు, లెక్కప్రకారం ఆ మాట అతనికి చెల్లదు. అయినా అతన్నీ ఉవా బ్రియన్ అనే పిలిచారు. వరస ఇంటిపేరుగా మారింది సరిగ్గా అక్కడే. 1101లో క్యాషెల్ కొండకోటను చర్చికి రాసిచ్చింది ఈ మూర్తానే.

ఇంగ్లిష్ పాలన బిగిశాక ‘ఓ’, ‘మాక్’ చాలా ఇళ్లలో ఊడిపోయాయి. 19వ శతాబ్దం చివర గేలిక్ భాషోద్యమం ఊపులో మళ్లీ అతికించుకున్నారు. అందుకే బ్రయన్‌గా పుట్టి ఓబ్రయన్‌గా పోయినవాళ్లు కనిపిస్తారు. ఐరిష్‌లో రాసుకుంటే ఆడవాళ్లకు ‘ఓ’ కూడా ఉండదు: కూతురు ‘నీ వ్రీయిన్’, కోడలు ‘ఈ వ్రీయిన్’.

వెతికేటప్పుడు ఓబ్రయన్, ‘ఓ’ విడిగా రాసిన బ్రయన్, ‘ఓ’ లేని బ్రయన్, బ్రీన్ అన్నీ కొట్టి చూడండి. స్పెల్లింగులో ‘ఐ’ బదులు ‘వై’ పెట్టీ చూడండి. బర్న్ జోలికి మాత్రం వెళ్లకండి, అది విక్లో వైపు ఓబ్రోయిన్‌లది, వాళ్ల మూలపురుషుడు బ్రన్. 1901, 1911 జనగణన పత్రాలు ఆన్‌లైన్‌లో ఉచితం. అందరి జనన నమోదు మొదలైంది 1864లో. అంతకుముందుకు పోవాలంటే చర్చి రిజిస్టర్లు, 1847–64 నాటి గ్రిఫిత్ భూమి మదింపు (పన్ను కోసం ఎవరి చేతిలో ఏ భూమి ఉందో రాసిన జాబితా). 1821–51 జనగణనలు చాలావరకు 1922లో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ అనే కోర్టు భవనాల దగ్గర రికార్డుల ఆఫీసు తగలబడినప్పుడు పోయాయి. 1861–91వి అంతకంటే ఘోరం, సర్కారే నాశనం చేయించింది!

కప్పుల మీద ‘ఓబ్రయన్ వంశ చిహ్నం’ అచ్చేసి అమ్మేవాళ్లకు డబ్బు తగలేయకండి. చిహ్నం ఇచ్చేది ఒక మనిషికి, ఇంటిపేరున్న అందరికీ కాదు.

ముందు అమెరికాలోనే సమాధిరాయి, చర్చి పెళ్లి పత్రం, పౌరసత్వ దరఖాస్తు చూసి టౌన్‌ల్యాండ్ పేరు పట్టుకోండి. టౌన్‌ల్యాండ్ అంటే ఐర్లాండ్‌లో అన్నిటికన్నా చిన్న భూవిభాగం. ‘క్లేర్ కౌంటీ’ అని మాత్రమే తెలిస్తే ఓబ్రయన్‌లు కుప్పలు, అందులో మీవాళ్లు ఎవరో తేలదు.