కెమిస్ట్రీ చదువు, కొలువు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: డిగ్రీలో కెమిస్ట్రీ తీసుకోవాలని ఉంది. కానీ రియాక్షన్లు ఎన్నిసార్లు బట్టీ పట్టినా నిలవవు. లెక్కలు మాత్రం బాగానే వస్తాయి. నెగ్గుకు రాగలనా?

జవాబు: బట్టీ పడుతున్నారు కాబట్టే నిలవడం లేదు. ఆల్డిహైడ్‌లోని కార్బన్ మీద పాక్షిక ధనావేశం ఎందుకుందో అర్థమైతే చాలు. దాని మీదికి సైనైడ్ వచ్చినా, గ్రిగ్నార్డ్ రియేజెంట్ (కార్బన్-మెగ్నీషియం సమ్మేళనం) వచ్చినా, ఎలక్ట్రాన్ల కదలికను చూపే మొదటి బాణం ఒకేలా గీస్తారు. పుస్తకం మూసి మెకానిజం (రియాక్షన్ అంచెలంచెలుగా జరిగే తీరు) గీయండి. చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడే చదవండి. లెక్కలు వచ్చినవాళ్లకు ఫిజికల్ కెమిస్ట్రీ సగం తేలిక. అక్కడ మార్కులు పోయేది యూనిట్ల దగ్గర: ఉష్ణోగ్రతను కెల్విన్‌లోకి మార్చకుండానే యాక్టివేషన్ ఎనర్జీ గ్రాఫ్ గీసేస్తారు. లేదా గ్రాఫ్ వాలును వాయు స్థిరాంకం 8.314తో గుణించగా జౌళ్లలో వచ్చిన విలువను కిలోజౌళ్లని రాసేస్తారు.

ప్రశ్న: ల్యాబ్‌లో టైట్రేషన్ (ఒక ద్రావణాన్ని కొలిచి పోస్తూ ఇంకోదాని గాఢత కట్టడం) చేస్తున్నాను. బ్యూరెట్‌లో సోడియం హైడ్రాక్సైడ్, ఫ్లాస్క్‌లో ఆమ్లం, ఇండికేటర్ ఫినాల్ఫ్తలీన్. ఒకసారి 24.1 మి.లీ. వస్తే ఇంకోసారి 24.6 వస్తోంది. నాకు ల్యాబ్ పని అచ్చిరాదేమో?

జవాబు: అర మిల్లీలీటరు తేడా వచ్చిందంటే ఏదో ఒక మెట్టు తప్పుతోందని అర్థం. ముందు బ్యూరెట్ కొన చూడండి. స్టాప్‌కాక్ కింద గాలి బుడగ ఉండి మధ్యలో బయటికి పోతే, ఆ మేరకు రీడింగ్ ఎక్కువ వస్తుంది. మొదలుపెట్టే ముందే స్టాప్‌కాక్ పూర్తిగా తెరిచి బుడగను తోలేయండి. గరాటు తీసేయడం మరిచిపోతే, దాన్నుంచి చుక్కలు జారి రీడింగ్ తగ్గుతుంది.

బ్యూరెట్‌ను చివరగా అందులో పోసే ద్రావణంతోనే కడగాలి. ఫ్లాస్క్‌ను మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తోనే. అడుగున నీళ్లు మిగిలినా ఆమ్లం మోల్స్ మారవు కదా. దాన్ని ఆమ్లంతో కడిగితే అదనపు ఆమ్లం చేరి లెక్క చెడుతుంది. పిపెట్ కొనలో మిగిలే చుక్కను ఊదకండి, దాన్ని మినహాయించే పిపెట్ మీద గీత పెట్టారు.

ఎండ్ పాయింట్ (పోయడం ఆపాల్సిన చోటు) అంటే 30 సెకన్లు నిలిచే లేత గులాబీ. ముదురు గులాబీ వచ్చిందంటే దాటేసినట్టే. కాసేపటికి రంగు వెలిసిపోతే అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పని, మళ్లీ చుక్క వేయకండి. మొదటిసారి ఉజ్జాయింపుగా చేసి, తర్వాత ఆ రీడింగ్‌కు 1 మి.లీ. ముందునుంచి చుక్క చుక్కగా వదలండి. చుక్కంటే సుమారు 0.05 మి.లీ. రెండు రీడింగులు 0.1 మి.లీ. లోపు కలిస్తే చాలు.

రీడింగులన్నీ కలిసి, జవాబు మాత్రం తప్పితే? అనుమానించాల్సింది సోడియం హైడ్రాక్సైడ్‌ను. దాని పలుకులు తూచేలోపే తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటాయి. 4 గ్రాములు తూచి లీటరు ద్రావణం చేసినంత మాత్రాన అది కచ్చితంగా 0.1 మోలార్ కాదు. కచ్చితంగా తూచగలిగే ఆమ్లం, ఎండబెట్టిన పొటాషియం హైడ్రోజన్ థాలేట్ 0.51 గ్రాములు తూచి టైట్రేట్ చేయండి. 25 మి.లీ. దగ్గర ఎంత పట్టిందో చూసి అసలు గాఢత కట్టుకోండి.

ప్రశ్న: ఎమ్మెస్సీ అయ్యాక క్వాలిటీ కంట్రోల్‌లో చేరాలా, పరిశోధన వైపు వెళ్లాలా?

జవాబు: రెండింట్లో రోజువారీ పని పూర్తిగా వేరు. క్వాలిటీ కంట్రోల్‌లో ఎక్కువ కాలం హెచ్‌పీఎల్‌సీతోనే (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే పరికరం) గడుస్తుంది. మొబైల్ ఫేజ్‌ను (అందులో పారే ద్రవం) 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టాలి, అందులోని గాలి తీసేయాలి, కాలమ్‌ను (పదార్థాలు విడిపోయే గొట్టం) స్థిరపడనివ్వాలి. స్టాండర్డ్‌ను (గాఢత తెలిసిన ద్రావణం) ఐదారుసార్లు ఇంజెక్ట్ చేసి, గ్రాఫ్‌లోని పీక్ ఏరియాల్లో తేడా సాధారణంగా 2 శాతం ఆర్‌ఎస్‌డీ (సాపేక్ష ప్రామాణిక విచలనం) దాటలేదని చూశాకే శాంపిల్ జోలికి వెళ్లాలి. ఫాస్ఫేట్ బఫర్ నడిచిన కాలమ్‌లోకి ఒక్కసారిగా అసిటోనైట్రైల్ పంపితే, ఉప్పు గట్టిపడి ప్రెషర్ ఎగబాకుతుంది. అందుకే ముందు 90 శాతం నీళ్లున్న మిశ్రమంతో కడగాలి. ఇంటర్వ్యూల్లో అడిగేవి ఇలాంటివే. రికార్డులో తప్పు అంకె పడితే ఒక్క గీతతో కొట్టేసి, సంతకం, తేదీ వేయాలి. వైట్‌నర్ పెట్టారో, అది దొంగలెక్కే. ఈ క్రమశిక్షణ విసుగనిపించేవాళ్లు అటు వెళ్లకపోవడమే మంచిది.

పరిశోధనలో చేసిన రియాక్షన్లలో చాలావరకు పనిచేయవు. అదెందుకో తేల్చడమే ఉద్యోగం. పీహెచ్‌డీలో చేరే ముందు ఆ ల్యాబ్‌లో చదివినవాళ్లు ఇప్పుడెక్కడున్నారో, ఎన్‌ఎంఆర్ (అణువు నిర్మాణం తేల్చేది) లాంటి పరికరాల మీద విద్యార్థులను స్వయంగా కూర్చోనిస్తారో లేదో కనుక్కోండి. గైడ్ పేరు కంటే ఇవే ముఖ్యమని మా అభిప్రాయం.

ఈ రెండింటి మధ్య ప్రాసెస్ కెమిస్ట్రీ (ల్యాబ్ రియాక్షన్‌ను ఫ్యాక్టరీ స్థాయికి పెంచడం) అనే మంచి దారి ఉంది, ఎందుకో చాలామంది దృష్టికి రాదు. 100 మి.లీ. ఫ్లాస్క్‌లో చేసిన రియాక్షన్‌ను అదే ఆకారంలోని 1,000 లీటర్ల రియాక్టర్‌కు పెంచితే, ఘనపరిమాణం 10,000 రెట్లు పెరుగుతుంది. వేడి బయటికి పోయే ఉపరితలం పెరిగేది సుమారు 464 రెట్లే. ఫ్లాస్క్‌లో ఒకేసారి పోసేసిన రియేజెంట్‌ను అక్కడ గంటల తరబడి కొంచెం కొంచెంగా వదలాలి. కెమికల్ ఇంజినీర్లతో కలిసి చేసే పని ఇది. రాయడం బాగా వస్తే పేటెంట్లు, రెగ్యులేటరీ విభాగాలూ ఉన్నాయి.

ప్రశ్న: నాకు ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. కెమిస్ట్రీ మానుకోవాలా?

జవాబు: అక్కర్లేదు. ఇండికేటర్ బదులు పీహెచ్ మీటర్ పెట్టి, పోసిన ఘనపరిమాణానికి పీహెచ్ గ్రాఫ్ గీస్తే, వాలు ఎక్కువగా ఉన్న చోటే తుల్య బిందువు (ఆమ్లం, క్షారం సరిగ్గా సరిపోయే చోటు). ఫ్లేమ్ టెస్ట్, లవణ విశ్లేషణ మాత్రం ఇబ్బందే. ల్యాబ్ మొదలయ్యే ముందే అధ్యాపకులకు చెప్పి, రంగు చూసే జోడీని అడగండి. తీగలు, సీసాల లేబుళ్లు రంగును బట్టి కాకుండా రాతను బట్టి గుర్తుపట్టేలా అతికించుకోండి.