నాలుగు పోర్టుల హబ్బా, ఏడు పోర్టులదా?

ల్యాప్‌టాప్‌కి రెండే యూఎస్‌బీ పోర్టులున్నాయి, కీబోర్డు, మౌస్, అప్పుడప్పుడు పెన్‌డ్రైవ్, హార్డ్‌డిస్క్ పెట్టుకోవాలి, ఒక పోర్టుని చాలా పోర్టులుగా చేసే హబ్ ఎన్ని పోర్టులది కొనాలి అని అడిగారు. మా ఊళ్లో చిన్న ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్నాను, నాకు జరిగింది చెప్తాను.

పోర్టులు ఎక్కువుంటే మంచిదని మొదట ఏడు పోర్టుల హబ్ కొన్నాను. గోడ ప్లగ్గుకి పెట్టే సొంత కరెంటు అడాప్టర్ లేనిది. కీబోర్డు, మౌస్, ప్రింటర్, వేలిముద్రల మిషన్ అన్నీ దానికే పెట్టాను. రెండు నెలలు బాగానే నడిచింది. ఒకరోజు ఒక పెద్దావిడ ఆధార్‌తో డబ్బులు తీసుకోవడానికి వచ్చింది. అదే సమయంలో ఇంకొకరి ఫొటోలు కాపీ చేద్దామని హార్డ్‌డిస్క్ పెట్టాను. అది టిక్కు టిక్కుమంది, వేలిముద్రల మిషన్ లైటు ఆరిపోయింది. "నా వేళ్లు అరిగిపోయాయా బాబూ, ఇక డబ్బులు రావా?" అని ఆవిడ కంగారుపడింది. ఏం చెప్పాలో నాకూ తెలియలేదు. ఆ ముఖం ఇప్పటికీ గుర్తుంది.

తర్వాత అర్థమైంది. అడాప్టర్ లేని హబ్‌కి కరెంటంతా ల్యాప్‌టాప్‌లోని ఆ ఒక్క పోర్టు నుంచే రావాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపులు, 3.0 అయితే 900. పోర్టులు ఏడున్నా పంచుకోవాల్సింది అంతే. అసలు 2.0 ప్రమాణం ప్రకారం అలాంటి హబ్‌కి నాలుగు పోర్టులే ఉండాలి, ఒక్కోదానికి 100 మిల్లీయాంపులే. కీబోర్డు, మౌస్‌కి అది చాలు. ప్రింటర్‌కి సొంత కరెంటు ఉంటుంది. హార్డ్‌డిస్క్ తిరగడం మొదలయ్యేటప్పుడే ఎక్కువ కరెంటు లాగేస్తుంది.

కొనేముందు కాగితం మీద రోజంతా పెట్టి ఉంచేవి ఎన్ని ఉన్నాయో రాసుకోండి, దానికి రెండు కలపండి. నాకు వెబ్‌క్యామ్‌తో కలిపి ఐదు, అందుకే మళ్లీ ఏడు పోర్టులదే తీసుకున్నాను, ఈసారి అడాప్టర్‌తో. 12 వోల్టులు, 2 యాంపులు, అంటే 24 వాట్లు. ఆ తర్వాత మిషన్ మధ్యలో ఆగలేదు.

మీకు నాలుగు పోర్టులది చాలు, అడాప్టర్ అక్కర్లేదు. హార్డ్‌డిస్క్ మాత్రం ల్యాప్‌టాప్ రెండో పోర్టుకే నేరుగా పెట్టండి. పోర్టుల మధ్య ఖాళీ కూడా చూడండి, లావుపాటి పెన్‌డ్రైవ్ పెడితే పక్క పోర్టు మూసుకుపోతుంది. మౌస్ వైర్‌లెస్‌దైతే దాని రిసీవర్‌ని 3.0 పోర్టులో ఉన్న హార్డ్‌డిస్క్ పక్కన పెట్టకండి, మౌస్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ దెబ్బతిని మౌస్ ఆగి ఆగి కదులుతుంది. చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో కాస్త దూరం జరిపితే సరిపోతుంది.