ముక్కు చూసి పేరు రాయి

చిరంజీవి చంటికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అక్కా, వీడు బ్యాంకు ఉద్యోగానికి నీళ్ళొదిలేసి ఫ్లైక్యాచర్లని ఈగలు పట్టే చిన్న పిట్టల వర్గీకరణ మీద పరిశోధన చేస్తాడట, కోరింగ మడ అడవిలో తిరుగుతాడట" అని మొదలెట్టి మధ్యలో ఏడుపందుకుంది. నీ బుర్రలో ఈ పురుగు పెట్టింది నేనేనని దాని కోపం. నిజమేలే. ఐదేళ్ళప్పుడు నా బైనాక్యులర్ మెడలో వేసుకుంటే అన్నానికి కూర్చున్నా తీసేవాడివి కాదు. దాన్ని ఓదార్చి ఫోన్ పెట్టేశాను గానీ నాకు తెల్లవార్లూ నిద్ర లేదు. సగం భయం. మిగతా సగం ఏమిటో చెప్పను, నీకు తలకెక్కుతుంది.

ముందు తేలికవి చెప్పేస్తాను. అటవీశాఖ అనుమతి కాగితం చేతికి రాకుండా పిట్టలు పట్టే వల కట్టకు, 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ముందు "చదువుకోసమండీ" అంటే చెల్లదు. వలస పిట్టలు ముఖ్యంగా నవంబరు నుంచి మార్చి దాకా, ఆ లోపు పని చూసుకో. రక్తం చుక్క తీయడం చేయి తిరిగినవాళ్ళ దగ్గరే నేర్చుకో, పది గ్రాముల ప్రాణమది.

ఇక పడవ. చెప్పిందే చెబుతోందని విసుక్కోకు. పోటు మీద పాయలోకి వెళ్ళడం ఎవడికైనా వస్తుంది, పాటు తిరిగాక బయటపడడమే కష్టం. గాడేరులో ఒకసారి మా పడవ ఒండ్రులో కూర్చుండిపోయింది. దిగి తోద్దామని ఒక కాలు పెట్టానో లేదో తొడదాకా దిగబడ్డాను. పడవాయన నా జడ పట్టుకుని లాగాడు. మళ్ళీ పోటు వచ్చేదాకా చీకట్లో దోమల మధ్య కూర్చున్నాం. ఈ సంగతి మీ అమ్మకి తెలీదు, నువ్వూ చెప్పకు. పోటు వేళలు అడక్కుండా పడవెక్కావని తెలిస్తే మాత్రం నేనే వచ్చి చెవి మెలేస్తాను, నీకు ఎన్నేళ్ళొచ్చినా సరే. ఇంకోటి, వల కట్టడానికి తిల్ల అనే మడ చెట్టు కొమ్మ విరవకు. ఆ పాలు కంట్లో పడితే రోజుల తరబడి మంట. నీ పనికి కావలసిందే కళ్ళు.

పేర్ల దగ్గరికి వస్తాను. మన మామిడి తోటలో తెల్ల రిబ్బను లాంటి తోకేసుకుని తిరిగే పిట్ట గుర్తుందిగా? జెర్డాన్ అనే దొర 1860లలో పోగేసిన తెలుగు పేర్లలో దాన్ని తోక పిగిలి పిట్ట అన్నారు. పిగిలి పిట్ట అంటే బుల్బుల్. నెత్తిమీద జుట్టు చూసి మనవాళ్ళు బుల్బుల్‌కి తోక తగిలించారన్నమాట. జీవులకు రెండు ముక్కల లాటిన్ పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లినేయస్ 1758లో దానికి కార్వస్ పారడైసి అని పేరు పెట్టి ఏకంగా కాకుల్లో కలిపాడు. తర్వాతివాళ్ళు తెచ్చి ఫ్లైక్యాచర్లలో వేశారు. ఇప్పుడు డీఎన్‌ఏ చూసి అక్కణ్ణుంచి కూడా లేపేశారు. ఇప్పుడు దాని పేరు టెర్ప్సిఫోనీ పారడైసి, మోనార్క్‌లనే పిట్టల కుటుంబం. ఆ కుటుంబం అసలు ఫ్లైక్యాచర్ల కన్నా కాకులకే దగ్గరి చుట్టమట! లినేయస్ ఏం చూసి అన్నాడో గానీ తిరిగి తిరిగి ఆయన వీధిలోకే వచ్చాం. ఇటు చూస్తే పొద్దున్నే పెరట్లో పాడే పెద్ద నల్లంచిని మేం థ్రష్ అనే వేరే రకం పిట్ట అని చదువుకుని, థ్రష్ అనే పాఠం చెప్పాం. అదిప్పుడు సాక్షాత్తూ ఫ్లైక్యాచర్. 1951లో మాయర్, ఆమడాన్ అని ఇద్దరు పెద్దలు థ్రష్‌లు, వార్బ్లర్లు, బ్యాబ్లర్లు అన్నిటినీ ఫ్లైక్యాచర్ల కుటుంబమనే ఒకే గంపలో పోశారు. నా చదువంతా ఆ గంపలోనే సాగింది. మీ తరం వాళ్ళు దాన్ని చాటలో పోసి చెరుగుతున్నారు. చెరగండి.

శాస్త్రీయ నామం వెనక ఆ పేరు పెట్టినవాడి పేరూ ఏడాదీ రాసేటప్పుడు బ్రాకెట్లు జాగ్రత్త. తోక పిగిలికి లినేయస్ పేరూ 1758 బ్రాకెట్లో ఉంటాయి, ఎందుకంటే ఆయన పెట్టిన ప్రజాతిలో అది ఇప్పుడు లేదు. టికెల్ నీలి ఫ్లైక్యాచర్‌కి బ్లైత్, 1843 అని బ్రాకెట్ లేకుండా రాయాలి, దాన్ని సైయోర్నిస్ ప్రజాతిలో పెట్టిందీ ఆయనే, ఇప్పటికీ అక్కడే ఉంది గనక. దాని రెండో పేరు టికెల్లియే, చివర స్త్రీలింగం. దాన్ని పుల్లింగం చేసి రాసిన పిల్లలకి నేను మార్కులు కోసేదాన్ని.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. దీనికోసమే ఈ ఉత్తరం.

1984 చలికాలం నుంచి నేను నోటుబుక్కు రాశాను. కాలవ గట్టు మీద, కొబ్బరి తోటల్లో, చొల్లంగి వైపు. చలికాలం వలస వచ్చే ఒక చిన్న ఫ్లైక్యాచర్ గురించి: తోక మొదట్లో రెండు పక్కలా తెల్ల మచ్చ, మగదానికి ఎర్రటి గొంతు, తోక టపటపా ఎగరేస్తుంది. చూడగానే "ఫి.పా." అని రాసి టిక్కు పెట్టేదాన్ని. ఫిసెడ్యులా పార్వా. అప్పటి పుస్తకాల్లో అదంతా ఒకటే జాతి. ఆల్బిసిల్లా అని పల్లాస్ అనే శాస్త్రవేత్త 1811లోనే పెట్టిన పేరు కింద చిన్నక్షరాల్లో ఉపజాతిగా ఉండేది. ఉపజాతులు నాకెందుకులే, నేనేమైనా మ్యూజియంలో ఉన్నానా అనుకుని ఆ చిన్నక్షరాలు దాటేశాను. అలా 43 టిక్కులు. 1996 నవంబరు తుఫానుకి ఇంటి పైకప్పు లేచిపోతే బీరువాలో నగలు వదిలేసి ఆ నోటుబుక్కు చీరకొంగులో కట్టుకున్నదాన్ని నేను.

2000 దాటాక రెండిటినీ విడదీశారు. ఆల్బిసిల్లా వేరే జాతి అయిపోయింది. ఒక పరిశోధక విద్యార్థి నాకు ఉత్తరం రాశాడు, "మేడమ్, మీ 43లో ఏది ఏది?" అని. నోటుబుక్కు తీశాను. తేదీ ఉంది, ఊరుంది, చెట్టుంది. పిట్ట లేదు. కింది ముక్కు మొదలు లేత రంగా, ముక్కంతా నలుపా? తోక పైన కప్పే ఈకలు బూడిద గోధుమా, కారు నలుపా? ఎరుపు రొమ్ముదాకా దిగిందా, గొంతులో ఆగి కింద బూడిద పట్టీ ఉందా? నిదానంగా కర్రర్రుమందా, ఇంకా వడిగా అందా? ఒక్కటీ రాయలేదు. పేరు రాసేశాక ఇంక చూడ్డం మానేశానురా.

అక్కడితో ఆగినా బాగుండును. "తెలీదు బాబూ" అని రాయడానికి చెయ్యి రాలేదు. పాతికేళ్ళు పాఠం చెప్పిన గీర. అన్నీ పార్వానే అని రాసి పంపేశాను. అతను నమ్మి తన పట్టికలో ఎక్కించుకున్నాడు, అది అచ్చయింది కూడా.

రెండు చలికాలాలు గడిచాక, మన పెరటి పనస కొమ్మ మీద గొంతులో ఎరుపే లేని పిట్ట ఒకటి వాలింది. నల్లటి ముక్కు. వెనక్కి తిరిగితే తోక మొదలు మసిగుడ్డలా ఉంది. ఆల్బిసిల్లా మగది చలికాలంలో గొంతు ఎరుపు పోగొట్టుకుంటుందని అప్పటికి చదివాను. కాఫీ చల్లారిపోయింది. ఇలాంటివి ఎన్నిటిని "ఆడది" అని రాసి తోసేశానో! సవరణ ఉత్తరం రాయడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది. మీ పెదనాన్నకి చూపించకుండా పోస్టు చేశాను.

కాబట్టి నాయనా, నీ పుస్తకంలో పేరు గడి చిట్టచివర పెట్టు. ముందు ముక్కు రాయి, తోక ఈకలు రాయి, కూత రాయి. చూడలేకపోతే "చూడలేదు" అని రాయి. రక్తం తీశాను గదా, మిషను చెబుతుందిలే అని బద్ధకించకు.

నోటుబుక్కు కొరియర్‌లో పంపుతున్నాను. 1991 జనవరి పేజీ మడత పెట్టాను, చూడు. మామూలు టిక్కే, పక్కన మార్జిన్లో నా చేత్తో ఒక ముక్క: "పడవాయన వేళాకోళం: అమ్మగారూ, దీని ముక్కంతా బొగ్గేనండి, తోక మొదలూ బొగ్గేనండి, మొన్నటిది కాదండి ఇది." నేను నవ్వుకోడానికి రాసుకున్నాను. 43లో ఏదన్నా పనికొస్తే అదొక్కటే. నా జడ పట్టుకు లాగినాయనే అతను, ఇప్పుడు లేడు. కొడుకు అదే రేవులో పడవ నడుపుతున్నాడు. అతన్నే పెట్టుకో. కిరాయి దగ్గర బేరమాడకు.

ఇట్లు,
పెద్దమ్మ