గైడ్ గారు ‘మరీ కాజువల్‌గా ఉంది’ అంటే ఏం మార్చాలి?

ప్రశ్న: మేడం, నేను డిగ్రీ ఫైనల్ ఇయర్. పడుకునే ముందు ఫోన్ చూడటానికీ నిద్రకీ సంబంధం ఉందా అని ప్రాజెక్ట్ చేశా, 60 మంది స్టూడెంట్స్‌ని సర్వే చేశా. రిపోర్ట్ ఇస్తే గైడ్ గారు ‘వర్క్ బానే ఉంది, రాసిందే మరీ కాజువల్‌గా ఉంది, అకడమిక్ స్టైల్‌లో రాసుకురా’ అన్నారు. సరే అని థెసారస్ ముందేసుకుని వారం రోజులు కూర్చుని పెద్ద పెద్ద మాటలు పెట్టి మళ్ళీ ఇచ్చా. ఈసారి ‘ఏం చెప్పావో నాకే అర్థం కాలేదు’ అన్నారు. పీజీకి ఫారిన్ వెళ్ళాలని ఉంది, అక్కడంతా ఇలాగే రాయాలంటున్నారు. అసలు నాకు రాయడం వచ్చా రాదా అని డౌట్ వచ్చేసింది. రెండు వెర్షన్లలోంచి చెరో పేజీ పంపుతున్నా, చూసి చెప్పండి.

జవాబు: చదువుతుంటే నవ్వొచ్చింది, నిన్ను చూసి కాదమ్మా, నేనూ అచ్చం ఇదే చేశాను కాబట్టి. నా మొదటి టర్మ్ పేపర్‌లో ‘చాలామంది’ అని ఎక్కడ రాస్తే అక్కడ మా లెక్చరర్ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పక్కన ‘ఎంతమంది?’ అని రాసిచ్చారు. నేనేమో దాన్ని ‘అత్యధిక శాతం ప్రజానీకం’ అని మార్చి పట్టుకెళ్ళా. ఆవిడ మళ్ళీ సున్నా చుట్టి మళ్ళీ అదే ‘ఎంతమంది?’ రాశారు. అప్పటికి గానీ బుర్రకెక్కలేదు, ఆవిడ మాట మార్చమనలేదు, లెక్క చెప్పమన్నారు.

నీ గైడ్ గారు అడిగిందీ అదే. నీ రిపోర్ట్ ఇంగ్లీష్‌లో ఉంది గానీ నేను తెలుగులోనే చెప్తా, ఈ జబ్బు ఏ భాషలోనైనా ఒకటే.

మొదటి వెర్షన్‌లో మొదటి లైనే చూడు: ‘ఈ రోజుల్లో పిల్లలంతా ఫోన్లకి బానిసలైపోయారు, ఇది అందరికీ తెలిసిందే.’ ఫ్రెండ్‌తో అంటే ఇందులో తప్పేం లేదు, ఎందుకంటే ఎదురుగా మనిషి ఉంటాడు, ‘ఎవరు, నీ క్లాస్‌వాళ్ళా? బానిసలంటే ఎన్ని గంటలు చూస్తారేంటి?’ అని అడుగుతాడు, మనం చెప్తాం, మాట అక్కడికక్కడే సర్దుకుంటుంది. కాగితం చదివేవాడికి నిన్ను అడిగే వీల్లేదు కదా, అందుకని వాడు ఏమేం అడుగుతాడో అవన్నీ నువ్వే ముందుగా చెప్పేసి పెట్టాలి. అకడమిక్ స్టైల్ అని అందరూ భయపెట్టేది దాదాపు ఇంతే.

ఇక రెండో వెర్షన్‌లో అదే లైన్ ‘సమకాలీన యువతరం చరవాణి వ్యసనానికి సంపూర్ణంగా దాసోహమైన వైనం సర్వజనవిదితం’ టైపులో తయారైంది. ఏ యువతరం, ఎంతమంది, వ్యసనమని ఎవరన్నారు? ఒక్కదానికీ జవాబు రాలేదు, పైగా చదవడం కష్టమైంది.

ఇప్పుడు ఇది చూడు: ‘సర్వేలో పాల్గొన్న 60 మంది విద్యార్థుల్లో 41 మంది పడుకునే ముందు గంటకు పైగా ఫోన్ చూస్తామని చెప్పారు.’ ఒక్క పెద్ద మాట లేదు, నీ టేబుల్‌లో ఉన్న అంకెలే, కానీ ఏ జర్నల్‌లో పెట్టినా పరువుగా నిలబడుతుంది. అందులో ‘చూస్తారు’ అనకుండా ‘చూస్తామని చెప్పారు’ అన్నాను గమనించావా, నువ్వు వాళ్ళ రూముల్లో కూర్చుని గడియారం చూడలేదు కదా, వాళ్ళు ఫారంలో టిక్ పెట్టింది మాత్రమే నీకు తెలుసు. ఎంత తెలుసో అంతే చెప్పడం, నన్నడిగితే రిపోర్ట్ మొత్తంలో ఇంతకంటే ముఖ్యమైనది లేదు.

కన్‌క్లూజన్‌లో తెలిసినదానికంటే ఎక్కువ చెప్పడం పెద్ద సైజులో జరిగింది. ‘ఫోన్ వల్లే నిద్ర పాడవుతుందని ఈ స్టడీ ప్రూవ్ చేసింది’ అని రాశావు. నిద్ర పట్టకే ఫోన్ పట్టుకున్నారేమో? పరీక్షల టెన్షన్ వల్ల రెండూ జరిగాయేమో? ఒక్కసారి చేసిన సర్వేతో ఏది ముందో ఏది వెనకో చెప్పలేం. ‘ఎక్కువసేపు ఫోన్ చూస్తామన్నవాళ్ళలో నిద్ర సరిగ్గా లేదన్నవాళ్ళు కూడా ఎక్కువ, అయితే కారణం ఇదేనని ఈ సర్వే చెప్పలేదు’ అని రాస్తే నీ పని తగ్గినట్టు కాదు, గైడ్ గారు వేయబోయే ప్రశ్న నువ్వే ముందు వేసుకున్నట్టు. అలాగే ‘నిద్ర బాగోలేదు’ అంటే నువ్వు దేంతో కొలిచావో కూడా ఉండాలి. నిద్ర మీద పనిచేసేవాళ్ళు 1989లో వచ్చిన పిట్స్‌బర్గ్ స్లీప్ క్వాలిటీ ఇండెక్స్ అనే ప్రశ్నావళి వాడుతుంటారు, స్కోర్ 0 నుంచి 21 దాకా, 5 దాటితే నిద్ర సరిగ్గా లేనట్టు లెక్క. నువ్వు సొంత ప్రశ్న అడిగుంటే ఆ ప్రశ్ననే ఉన్నదున్నట్టు రిపోర్ట్‌లో పెట్టు, దాచాల్సింది ఏం లేదు.

పెద్ద మాటల గురించి ఒక తమాషా. డానియల్ ఒపెన్‌హైమర్ అని ఒక సైకాలజిస్ట్ దీని మీదే ప్రయోగాలు చేసి 2006లో పేపర్ వేశారు. ఒకే విషయాన్ని మామూలు మాటల్లోనూ అనవసరంగా బరువైన మాటల్లోనూ చదివించి, రాసినవాళ్ళు ఎంత తెలివైనవాళ్ళనిపిస్తోంది అని అడిగితే బరువు మాటలవాళ్ళకే తక్కువ పడింది! ఆ పేపర్ టైటిల్ మాత్రం కావాలనే నోరు తిరగని మాటలతో పెట్టారు, ఆ పేపర్‌కి అదే ఏడాది ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే సరదా బహుమతి) కూడా ఇచ్చారు. అయితే టెక్నికల్ పదం వేరే సంగతి, ‘స్లీప్ లేటెన్సీ’ అంటే పడుకున్నాక నిద్ర పట్టడానికి పట్టే టైమ్, ఆ ఒక్క మాట ఒక వాక్యం ఆదా చేస్తుంది, మొదటిసారి అర్థం చెప్పి తర్వాత హాయిగా వాడుకో. ‘యూజ్’ బదులు ‘యూటిలైజ్’ పెట్టడం వల్ల మాత్రం ఏమీ ఆదా అవ్వదు.

తెలుగులో ప్రాజెక్టులు రాసేవాళ్ళదీ ఇదే గోల, అకడమిక్ అనగానే గ్రాంధికంలోకి దిగిపోతారు, ‘సర్వే నిర్వహించబడినది, అభిప్రాయములు సేకరించబడినవి’ అంటూ. ‘సర్వే చేశాం, అభిప్రాయాలు తీసుకున్నాం’ అంటే చాలదా.

అన్నట్టు ‘ఐ’, ‘వుయ్’ వాడకూడదని ఎవరో చెప్పారని రెండో వెర్షన్‌లో అంతా పాసివ్‌లోకి తిప్పావు. డీఎన్‌ఏ డబుల్ హెలిక్స్ గురించి వాట్సన్, క్రిక్ 1953లో వేసిన పేపర్ మొదలయ్యేదే ‘వుయ్’తో. ఇంకా చూడు, అంత పెద్ద విషయాన్ని కూడా వాళ్ళు మొదటి వాక్యంలో ‘సజెస్ట్’ చేస్తున్నాం అన్నారే తప్ప ప్రూవ్ చేశాం అనలేదు, 60 మంది సర్వేకి మనం ప్రూవ్ అంటున్నాం! రీసెర్చ్ పేపర్లు ఎలా రాయాలో చెప్పే ఏపీఏ స్టైల్ పుస్తకం, 2019లో వచ్చిన ఏడో ఎడిషన్ అయితే నువ్వు చేసిన పనికి ‘ఐ’ అనే రాయమంటుంది. కానీ మీ డిపార్ట్‌మెంట్‌కి వేరే రూల్ ఉంటే అదే ఫైనల్, ఒకసారి గైడ్ గారిని అడిగి పని కానివ్వు, దీని మీద వాదనలు వద్దు.

మిగతావి చిన్నవి, ఒక సాయంత్రం పని. ‘డోంట్, కాంట్’ లాంటివి విడదీసి రాయి, ‘ఎ లాట్ ఆఫ్’ ఉన్నచోట అంకె పెట్టు, ‘గెట్’ ఉన్నచోట అసలు ఏం జరిగిందో చెప్పే క్రియ పెట్టు, ఆశ్చర్యార్థకాలు తీసెయ్ (నేను పెడుతున్నాగా అంటావేమో, ఇది రిపోర్ట్ కాదు), చదివేవాళ్ళని ‘యూ’ అని పిలవకు. ఏఐ టూల్‌లో వేసి పాలిష్ చేయించుకుంటా అంటావేమో, మీ కాలేజీ రూల్స్ ఒప్పుకుంటాయో లేదో ముందు కనుక్కో, ఒప్పుకున్నా సరే అది వాక్యం నునుపు చేస్తుందేమో గానీ 41 అనే అంకె నీ షీట్‌లోంచి నువ్వే తేవాలి.

ఫారిన్ సంగతికొస్తే, అన్నిచోట్లా ఇలాగే రాయాలన్నది కూడా నిజం కాదు. ఎస్ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నావో యూనివర్సిటీకి రాసే వ్యాసం) ఇలా రాస్తే చచ్చిపోయినట్టు ఉంటుంది, అందులో నీ గొంతు వినపడాలి, కాకపోతే ‘చిన్నప్పట్నుంచీ ప్యాషన్’ లాంటి ఊకదంపుడు వద్దు. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీష్ పరీక్షలో రైటింగ్ టాస్క్ 2కి ఫార్మల్ టోన్ కావాలి, కనీసం 250 పదాలు, 40 నిమిషాలు ఇచ్చుకోమంటారు, అక్కడ నాలుగు అంశాలకి సమానంగా మార్కులుంటాయి, పదజాలం అందులో ఒకటి మాత్రమే. అదే పరీక్షలో జనరల్ ట్రైనింగ్ అనే ఇంకో రకంలో ఫ్రెండ్‌కి లెటర్ రాయమని వస్తే అక్కడ ఫార్మల్‌గా రాయడమే తప్పు. ఎక్కడ ఏ గొంతు వాడాలో తెలిసినవాళ్ళకే రేపు ఉద్యోగంలో రిపోర్టులు రాసే పని అప్పజెప్తారు, ఆ పని చేసినవాళ్ళ పేరు పైవాళ్ళకి తెలుస్తుంది.

నీకు రాయడం వచ్చా రాదా అన్నావు కదా. వచ్చు. నీ మొదటి వెర్షన్‌లో ఏం జరిగిందో నాకు తెలిసింది, అలా అర్థమయ్యేలా రాసేవాళ్ళని బాగుచెయ్యడం తేలిక. కాబట్టి రెండోది పక్కన పడేసి మొదటిదే ప్రింట్ తీసుకో, ‘చాలా, అందరూ, ఎప్పుడూ, పూర్తిగా, తెలిసిందే’ అన్నవాటన్నిటికీ సున్నా చుట్టు, ప్రతి సున్నా పక్కన ‘ఎంత? ఎవరు? నీకెలా తెలుసు?’ అని రాసుకుని జవాబు ఉంటే పెట్టు, లేకపోతే వాక్యమే కొట్టెయ్. రిపోర్ట్ మొత్తం చెయ్యకు, డిస్కషన్ చాప్టర్‌లో రెండు పేజీలు చేసి గైడ్ గారికి చూపించి, ఇలా ఉంటే చాలా సార్ అని అడిగాక మిగతాది మొదలుపెట్టు. ఆయనకి పంపే మెయిల్‌కి సబ్జెక్ట్ లైన్ పెట్టు, నాకు పంపినప్పుడు ఖాళీగా వదిలేశావు.