బొమ్మల విలువ పెరుగుతుంది, ఆ డబ్బు ఎవరికి చేరుతుంది?

ప్రశ్న: మాది హనుమకొండ. ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచర్‌ని, జీతం 24 వేలు. రెండేళ్లలో 11 పెయింటింగ్స్ అమ్మాను, ఒక్కోటి 8 నుంచి 15 వేలకు. ఇంట్లో ఇంకో 40 ఉన్నాయి. హైదరాబాద్‌లో ఒక గ్యాలరీ వాళ్లు 40 శాతం కమిషన్ మీద పెడతామంటున్నారు. ఎలాగూ బొమ్మల విలువ పెరుగుతుంది కదా, ఉద్యోగం మానేయవచ్చా?

జవాబు: ఇప్పుడే మానేయకండి. సగటున బొమ్మకు 11 వేలు వేసుకున్నా, రెండేళ్లకు మీకు వచ్చింది లక్షా 21 వేలు. అంటే నెలకు 5 వేలు. అందులోంచి కాన్వాసు, రంగులు, ఫ్రేముల ఖర్చు పోవాలి. ఇంట్లో ఉన్న ఆ నలభైని ఆస్తి కింద రాసుకోవద్దు. కొనేవాళ్లు వచ్చేదాకా అది అమ్ముడుపోని సరుకే.

విలువ పెరుగుతుందన్న మీ మాట నిజమే. అయితే పెరిగిన డబ్బు ఎవరి చేతికి వెళ్తుందో చూడండి. ఎం.ఎఫ్. హుస్సేన్ 1954లో గీసిన ‘గ్రామ యాత్ర’ను అప్పట్లో ఢిల్లీలో పనిచేస్తున్న ఒక విదేశీ డాక్టర్ కొన్నారు. 1964లో దాన్ని నార్వేలోని ఓస్లో ఆస్పత్రికి ఇచ్చేశారు. 2025 మార్చిలో న్యూయార్క్ వేలంలో అది కోటీ 37 లక్షల డాలర్లు దాటింది, మన లెక్కలో సుమారు 118 కోట్లు. హుస్సేన్ 2011లోనే పోయారు. ఆయనకు ముట్టింది 1954 నాటి ధర ఒక్కటే.

మన కాపీరైట్ చట్టంలో 1994 సవరణతో వచ్చిన 53ఎ సెక్షన్ ఉంది. 10 వేలు దాటి తిరిగి అమ్ముడైన అసలు పెయింటింగ్ ధరలో చిత్రకారుడు లేదా వారసులు వాటా అడగవచ్చు, గరిష్ఠంగా 10 శాతం. కానీ బొమ్మ ఎప్పుడు, ఎవరి నుంచి ఎవరికి చేతులు మారిందో మీకు తెలిస్తేనే కదా అడిగేది! దాని మీద ఆశ పెట్టుకుని బడ్జెట్ వేసుకోవద్దు. అంతకంటే నమ్మకమైన దారి, ఏటా మీ మంచి బొమ్మల్లో ఒకటో రెండో అమ్మకుండా దాచుకోవడం. రేపు మీకు పేరొస్తే పెరిగే ధర మీ ఇంటికే వస్తుంది.

దాచినా, అమ్మినా రికార్డు ఉండాలి. ‘గ్రామ యాత్ర’కు అంత ధర రావడానికి సైజు, గీసిన కాలంతో పాటు, అది ఎవరి దగ్గర నుంచి ఎవరికి వెళ్లిందో స్పష్టంగా తెలియడం కూడా కారణమే. ఈ ఆదివారం ఆ నలభై బొమ్మల వెనక పేరు, సంవత్సరం, సైజు, ఏ రంగులు వాడారో రాసి సంతకం పెట్టండి. ఒక్కోదానికి ఫోటో తీసి, నంబరిచ్చి రిజిస్టర్‌లో ఎక్కించండి. అమ్మినప్పుడు కొన్నవారి పేరు, ధర రాసుకుని బిల్లివ్వండి.

ఇక రేటు. చాలామంది చదరపు అంగుళం లెక్కన వేస్తారు. 24కి 36 అంటే 864 అంగుళాలు, అంగుళానికి 20 రూపాయలైతే 17,280. గ్యాలరీ కమిషన్ పోను మీకు వచ్చేది 10,368. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు: అదే బొమ్మ గ్యాలరీలో 17 వేలు, ఇంటికొచ్చి కొనేవారికి 10 వేలు. ఇది తెలిసిన రోజున గ్యాలరీ మిమ్మల్ని వదిలేస్తుంది, పాత కొనుగోలుదారు మోసపోయానని బాధపడతాడు. ఎక్కడ అమ్మినా ఒకటే రేటు ఉంచండి. అమ్మకాలు పెరిగితేనే, అదీ కొద్దికొద్దిగా పెంచండి. ఒకసారి పెంచాక తగ్గించవద్దు.

బొమ్మ అమ్మినంత మాత్రాన కాపీరైట్ పోదు. ఎవరైనా క్యాలెండర్‌కో పుస్తకం అట్టకో అడిగితే వేరుగా డబ్బు తీసుకోండి, ఎంతకాలానికో కాగితం మీద రాయించుకోండి. కాలం రాయకపోతే చట్టం ఐదేళ్లుగా లెక్కేస్తుంది.

ఉద్యోగం ఉంటే కళాకారులు కాదని బెంగపడకండి. చిత్రకారులు తోట వైకుంఠం గారు సినిమాలకు కళా దర్శకత్వం కూడా చేశారు, ‘దాసి’కి జాతీయ అవార్డు అందుకున్నారు. బొమ్మలు అమ్మగా వచ్చినదంతా వేరే ఖాతాలో వేసి, ఏడాది ఇంటి ఖర్చు అందులో జమయ్యేదాకా ముట్టుకోకండి. ఆరోగ్య బీమా కూడా జీతం వస్తుండగానే తీసుకోండి. ఖర్చులు పోను బొమ్మల ఆదాయం వరుసగా రెండేళ్లు మీ జీతంలో సగం దాటితే అప్పుడు రాజీనామా గురించి మాట్లాడుకుందాం.

గ్యాలరీకి సరేననండి. కాకపోతే ఫ్రేము ఖర్చు ఎవరిది, అమ్మాక ఎన్ని రోజుల్లో డబ్బిస్తారు, దారిలో బొమ్మ పాడైతే ఎవరు భరిస్తారు, ఈ మూడూ ఒప్పందంలో ఉన్నాయో లేదో చూశాకే సంతకం పెట్టండి.