పూడిపోయిన పాయను తిరిగి పారించడానికి డ్రోన్ సర్వే ఒక్కటే సరిపోతుందా?

అంతర్వేదికి ఎగువన మీ లంకను ఆనుకొని పూడిపోయిన వశిష్ఠ పాత పాయను తిరిగి పారించడానికి డ్రోన్ పటం చాలునా అని అడిగారు. చాలదండి. డ్రోన్ ఫొటోలలో గట్లు, ఇసుక మేటలు, తోటల మెరక పల్లాలు తెలుస్తాయి గాని, గోదావరి బురద నీటి అడుగున ఏముందో తెలియదు. అందుకు పడవలో ఎకో సౌండర్‌తో, అంటే ధ్వనిని పంపి లోతు కొలిచే పరికరంతో, తిరగవలసిందే. అంతకన్నా ముఖ్యంగా, నేల కొలతలూ నీటి కొలతలూ ఒకే మట్టం నుంచి లెక్కకు రావాలి.

గౌతమి దిగువన ఇలాంటి పని చేసిన బృందంలో నేను పడవ కొలతలు చూసేవాణ్ణి. గట్టు మీదివారు సగటు సముద్ర మట్టం నుంచి ఎత్తులు తీస్తే, మేము ఆనాటి నీటి పైభాగం నుంచి లోతులు తీశాం. మొగకు దగ్గరలో ఆటుపోట్లకు నీరు గంటగంటకూ మారుతుందని తెలిసీ, ఒడ్డున నీటి మట్టం చూపే కొలకర్ర (గేజీ) పాతకుండానే రెండు రోజులు కొలిచాం. రెండు పటాలనూ కలిపితే నీటి అంచు పొడవునా మూరెడు మెట్టు కనిపించింది. నేల మీద అలాంటి మెట్టే లేదు. డెల్టాలో వాలు అతి స్వల్పం కనుక, ఆ లెక్కతో తవ్వితే పాయ తల మెరకగా మిగిలి వరదలో తప్ప నీరు ఎక్కదు. లేదా అడుగు మరీ లోతై, వేసవిలో పోటుతో ఉప్పునీరు ఎగదన్ని కొబ్బరి తోటల ఊటను చెడగొడుతుంది. గేజీ పాతి, పది నిమిషాలకొకసారి మట్టం రాసుకుంటూ అంతా మళ్లీ కొలిచాం.

ఇంకొక సంగతి. ఎకో సౌండర్ ఎనిమిది అడుగులు చూపిన చోట మా పడవ నడిపే పెద్దాయన గెడ దించితే, అది ఇంకో మూరెడు మెత్తగా దిగి, నల్లటి ఒండు పూసుకొని పైకి వచ్చింది. 200 కిలోహెర్ట్జ్ ధ్వని పలుచటి బురద పైనుంచే వెనక్కి వస్తుంది, 33 కిలోహెర్ట్జ్ ధ్వని కొంత లోపలికి పోతుంది. కనుక రెండింటితోనూ కొలవమనండి, అక్కడక్కడా గెడతో సరిచూడమనండి. పడవ పోలేని నడుము లోతు నీటిలో, గుర్రపుడెక్క కమ్మిన చోట, మనిషి దిగి కర్రతో కొలవాలి. రెండు పటాలూ అతుక్కునేది అక్కడే కనుక ఆ భాగాన్ని వదిలేయనివ్వకండి.

ఒక్క పెద్ద వరదకే అడుగు మారిపోతుంది. ధవళేశ్వరం దగ్గర నీరు మొదటి హెచ్చరిక 11.75 అడుగులు దాటిన ఏడాది, వరద తీశాక అవే అడ్డకోతలను, అంటే పాయకు అడ్డంగా గట్టు నుంచి గట్టుకు తీసిన కొలతలను, మళ్లీ తీయించండి. అందుకోసం కొలతలన్నిటికీ ఆధారమైన ఎత్తు గుర్తును (బెంచ్‌మార్క్‌ను) వరద అందని గట్టు మీద స్థిరంగా కట్టించి, గేజీ సున్నా దానికి ఎంత దిగువనో పంచాయతీ రిజిస్టరులో రాయించి ఉంచండి.